ఎనిమిది శాతం గొప్ప

మోడల్‌ని ఇంకోసారి రన్ చెయ్యమని ఆ రోజు ఆ అమ్మాయి అడక్కపోయి ఉంటే, నేను ఇప్పటికీ అదే గొప్పలో బతుకుతూ ఉండేవాణ్ని. ఉద్యోగంలో చేరి మూడు నెలలు కూడా కాని పిల్ల. గది నిండా జనం. గోడ మీద తెర. తెర మీద నా గీత. అందరూ బావుంది, బావుంది అంటున్నారు. "అన్నా, ఒక్కసారి మళ్ళీ రన్ చేస్తారా? మొదలు సరిగ్గా చూళ్ళేదు" అంది. చేశాను.

ఆ తర్వాత ఏం జరిగిందో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. ఇన్నేళ్ళుగా మా ఇంట్లో కూడా ఈ సంగతి పూర్తిగా చెప్పలేదు. మీకు చెప్పడానికి ధైర్యం ఏమిటంటే, ఇలాంటిది మీరూ ఎప్పుడో ఒకప్పుడు చేసే ఉంటారు. కాదనకండి.

హైదరాబాద్‌లో ఎలక్ట్రిక్ ఆటోలకు బ్యాటరీ ప్యాకులు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో పనిచేసేవాణ్ని. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్, ఒక్కోటి 3.2 వోల్టులు, వరసగా 16 కలిపితే 51.2 వోల్టులు. మా ప్యాకు కెపాసిటీ 100 ఆంపియర్ అవర్లు. అందులో ఎంత చార్జి మిగిలిందో లెక్క చెప్పే భాగం నాది. ఈ రకం సెల్‌తో ఒక చిక్కుంది. నిండుగా ఉన్నప్పుడు, బాగా అడుగంటినప్పుడు తప్ప మధ్యలో దాని వోల్టేజి పెద్దగా కదలదు. చాప పరిచినట్టు బల్లపరుపుగా ఉంటుంది. వోల్టేజి చూసి ఎంత మిగిలిందో చెబుదామంటే 70కీ 50కీ తేడా తెలీదు. అందుకని లోపలికి ఎంత కరెంటు వెళ్ళింది, బయటికి ఎంత వచ్చింది అని క్షణం క్షణం కూడుకుంటూ, తీసేసుకుంటూ పోవాలి. దీన్ని కూలంబ్ కౌంటింగ్ అంటారు. మన భాషలో పద్దు రాయడమే.

పద్దు రాయడం మా ఇంటి వృత్తి. మా నాన్న భీమవరం దగ్గర ఒక రైసుమిల్లులో గుమాస్తాగా చేశాడు. చిట్టా, ఆవర్జా మధ్యే పెరిగాను నేను. ఆ కొడుకే ఈ పద్దు తప్పు రాశాడన్నది అసలు బాధ. ఆ సంగతికి మళ్ళీ వస్తాను.

ఇలాంటి లెక్కలు చిప్‌లోకి ఎక్కించే ముందు కంప్యూటర్‌లో బొమ్మగా కట్టి చూస్తారు. మేం సిమ్యులింక్ వాడేవాళ్ళం. తెర మీద పెట్టెలు పెట్టి, వాటి మధ్య తీగల్లాగా గీతలు లాగుతాం. ఒక పెట్టె కూడుతుంది, ఒకటి గుణిస్తుంది, ఒకటి ఇంటిగ్రేట్ చేస్తుంది. మోటారు, చక్రాలు, బ్రేకు, బ్యాటరీ అన్నీ పెట్టెలే. రన్ నొక్కితే లేని ఆటో లేని రోడ్డు మీద గంటసేపు నడిచి, అయిదు నిమిషాల్లో లెక్క చెబుతుంది. ఏ పెట్టెలోనూ దొరకని పని కావాలంటే మన సొంత కోడ్ రాసి పెట్టుకునే పెట్టె కూడా ఉంటుంది. నా కథంతా ఆ పెట్టెలోనే జరిగింది.

నాకు కోడ్ రాయడం వచ్చు. కాలేజీ హాస్టల్లో సగం మంది ల్యాబ్ రికార్డులు నా ప్రోగ్రాములతోనే గట్టెక్కాయి. అక్కణ్ణించి పట్టుకుంది పొగరు. పెట్టెలు లాగి అతికించేవాళ్ళు ఒక జాతి, కోడ్ రాసేవాళ్ళు ఇంకో జాతి అనుకునేవాణ్ని. మా మేడమ్ కట్టిన మోడల్ చూస్తే గోడంత ఉండేది. ఇదంతా నేనైతే నలభై లైన్లలో రాసి పారేస్తాను అని మనసులో అనుకోవడమే కాదు, క్యాంటీన్లో పదిమంది ముందు పైకే అన్నాను. మేడమ్ చెవిన పడే ఉంటుంది. నాకు పని అప్పజెప్పినప్పుడు మాత్రం ఒక్కటే చెప్పింది. "బాబూ, కరెంటుని కెపాసిటీతో భాగించు, ఒక ఇంటిగ్రేటర్ బ్లాక్ పెట్టు, 0కీ 1కీ మధ్య ఉండేట్టు హద్దులు పెట్టు. అంతే. ఎక్కువ ఆలోచించకు."

మూడు పెట్టెల పని. మూడు పెట్టెలతో అయిపోతే నా గొప్ప ఎక్కడ కనపడుతుంది? మనకు బాగా వచ్చిన పని ఒకటి ఉంటే లోకంలోని ప్రతి పనినీ దాంట్లోకే లాక్కొస్తాం. సొంత కోడ్ రాయాలనే నిర్ణయించుకున్నాను.

మొదట మ్యాట్‌ల్యాబ్ ఫంక్షన్ అనే పెట్టె తీసుకున్నాను. ఒకప్పుడు ఎంబెడెడ్ మ్యాట్‌ల్యాబ్ ఫంక్షన్ అనేవారు దీన్ని, 2011లో పేరు మారింది. మనం రాసిన కోడ్‌ని ఇది సీ భాషలోకి మార్చి, కంపైల్ చేసి నడుపుతుంది. అందుకని పట్టింపులు ఎక్కువ. ప్రతి వేరియబుల్ ఏ రకమో, ఎంత సైజో ముందే తేలాలి. ఖాళీ అర్రే పెట్టుకుని దారిలో పెంచుకుంటూ పోతానంటే ఒప్పుకోదు. బయట వర్క్‌స్పేస్‌లో ఉన్న కెపాసిటీ విలువ దానంతటదే లోపల కనపడదు. ఇది ఫలానా పారామీటర్ అని పరిచయం చెయ్యాలి. మ్యాట్‌ల్యాబ్‌లో మామూలుగా వాడే కొన్ని ఫంక్షన్లు లోపల పిలవాలంటే ఎక్స్‌ట్రిన్సిక్ అని ప్రకటించాలి. ప్రకటించినా అవి ఇచ్చే జవాబుతో నేరుగా లెక్కలు చెయ్యనివ్వదు. జవాబు ఏ ఆకారంలో ఉండబోతోందో ముందే ఒక సున్నా పెట్టి చెప్పి ఉంచాలి. ఒక మధ్యాహ్నం మొత్తం ఎర్ర అక్షరాలే. ఒకటి సరిచేస్తే రెండు మొలిచేవి. కాలేజీలో సగం హాస్టల్‌ని గట్టెక్కించినవాణ్ని, ఒక పెట్టె నన్ను నిలదియ్యడమా అని ఒళ్ళు మండింది.

ఆ పెట్టె అడిగిన ప్రతి ప్రశ్నా నా మంచికే. ఏ విలువ ఎక్కడ పుట్టింది, ఎక్కడ ఉంటుంది, ఎప్పుడు మొదలవుతుంది అని అడుగుతోంది. ఆ ప్రశ్నలకు నా దగ్గర జవాబుల్లేవు. జవాబుల్లేనివాడు ఏం చేస్తాడు? ప్రశ్నలు అడగనివాళ్ళ దగ్గరికి పోతాడు. నేనూ అదే చేశాను. పక్కనే ఇంకో పెట్టె ఉంది, ఇంటర్‌ప్రెటెడ్ మ్యాట్‌ల్యాబ్ ఫంక్షన్ అని. ఇది దేన్నీ మార్చదు, కంపైల్ చెయ్యదు. జవాబు కావలసిన ప్రతిసారీ మ్యాట్‌ల్యాబ్‌ని పిలిచి, మనం బయట రాసి పెట్టుకున్న ఫైలుని నడిపించి తెచ్చుకుంటుంది. బాగా నెమ్మది. దీంతో చిప్‌కి కావలసిన కోడ్ తియ్యడం కూడా కుదరదు. కానీ ఏం రాసినా ఊఁ అంటుంది. పావుగంటలో నా నలభై లైన్లు నడిచాయి. ఇంటికి ఈల వేసుకుంటూ వెళ్ళాను.

ఆ నలభై లైన్లలో అసలు సరుకు ఒక్క లైనే. చార్జి విలువని పర్సిస్టెంట్ వేరియబుల్‌గా పెట్టాను, అంటే ఫంక్షన్ ఒకసారి నడిచి అయిపోయినా ఆ విలువ మాత్రం గుర్తుంటుంది. మొదటిసారి ఖాళీగా కనపడితే 0.8 పెట్టు, అంటే 80 శాతం. ఆ పైన పిలిచిన ప్రతిసారీ కరెంటుని 0.01 సెకనుతో గుణించి, కెపాసిటీతో భాగించి, తీసెయ్యి. ఎందుకు 0.01 అంటే, మా చిప్ ప్రతి 10 మిల్లీసెకన్లకు ఒకసారి లెక్క చేస్తుంది కాబట్టి. పిలిచారంటే 10 మిల్లీసెకన్లు గడిచినట్టే. నా లెక్క అది.

విడిగా చిన్న మోడల్‌లో పెట్టి, 0.01 సెకను స్థిరమైన అడుగుతో ఒక నిమిషం నడిపాను. 20 ఆంపియర్లు పెడితే 80 నుంచి 79.67కి దిగింది. చేత్తో వేసినా అదే వస్తుంది. ఇంక తిరుగేముంది? తీసుకెళ్ళి మేడమ్ గోడంత మోడల్‌లో నా పెట్టె పెట్టేశాను. నా లెక్క మీద బ్యాటరీ వోల్టేజి ఆధారపడుతుంది, వోల్టేజి మీద మోటారు, మోటారు మీద బండి. ఆ మోడల్ నడిచేది స్థిరమైన అడుగులతో కాదు. వేరియబుల్ స్టెప్ సాల్వర్‌తో, అంటే అడుగు పొడవుని అదే మార్చుకుంటూ పోతుంది. ఆ సంగతి తెలుసు. తెలిసీ ఒక్క క్షణం కూడా దాని గురించి ఆలోచించలేదు.

అదే వారం బ్రేకు వేసినప్పుడు కరెంటు వెనక్కి వచ్చే రీజెన్ లాజిక్ కూడా నేనే రాశాను. అది లేకుండా ఊళ్ళో గంటసేపు తిరిగితే 20 శాతం చార్జి ఖర్చవుతుందని మేడమ్ ఎప్పుడో చేత్తో వేసి పెట్టింది. నా పెట్టె, నా రీజెన్ కలిపి నడిపితే 80 నుంచి 68కి దిగింది. పన్నెండే ఖర్చు. ఎనిమిది శాతం మిగులు! బుద్ధి ఉన్నవాడైతే ఆ అంకె చూసి ఉలిక్కిపడాలి. గంటకు ఇరవై పాతిక కిలోమీటర్ల వేగంతో పోయే ఆటోకి బ్రేకులో అంత శక్తి ఎక్కణ్ణించి వస్తుంది? పది నిమిషాలు కాగితం మీద వేస్తే తేలిపోయేది. నాకు నచ్చిన అంకెను నేను ఏ ప్రశ్నా అడగలేదు. ఎనిమిది బదులు మైనస్ ఎనిమిది వచ్చుంటే తెల్లవార్లూ కూర్చుని తప్పు వెతికేవాణ్ని. మనకు అనుకూలంగా వచ్చిన లెక్కని ఎవరం మళ్ళీ కూడి చూస్తాం చెప్పండి? కిరాణా కొట్టువాడు పది రూపాయలు ఎక్కువ వేస్తే నాలుగుసార్లు కూడతాం. తక్కువ వేస్తే గబగబా సంచీ సర్దుకుంటాం.

ఆ సాయంత్రానికి ఆఫీసంతా తెలిసిపోయింది. తెలిసేలా చేశాను. మా ఆవిడకి ఫోన్ చేసి దేశంలోని ఆటోలన్నీ నన్ను తల్చుకుంటాయన్నంత చెప్పాను. మా నాన్నకి చెప్పాను. ఆయన అంతా విని, "మిల్లులో బస్తాలు లెక్కకంటే ఎక్కువ తేలితే సంతోషించకూడదురా, కాటా చూసుకోవాలి" అన్నాడు. వయసు మీద పడింది, ఈ లెక్కలు ఆయనకేం తెలుస్తాయి అనుకున్నాను.

శుక్రవారం డెమో. ఆటోలు తయారుచేసేవాళ్ళ తరఫున నలుగురు వచ్చారు. మేడమ్ వెనక వరసలో కూర్చుంది. నేను ముందు నిలబడి, ఇస్త్రీ చొక్కాలో, ఎనిమిది శాతం ఎలా మిగిలిందో రీజెన్ రీజెన్ అంటూ చెప్పుకుపోతున్నాను. రన్ చేశాను. 80 నుంచి 68. చూశారా అన్నట్టు చూశాను. అప్పుడే ఆ అమ్మాయి మళ్ళీ ఒకసారి అంది. దానికేం, పదిసార్లు చూపిస్తాను అన్నాను. రన్ నొక్కాను. గీత 68 దగ్గర మొదలైంది. 80 దగ్గర కాదు, 68 దగ్గర. తెర మీద ఏదో తడబాటు అనుకుని ఆపి మళ్ళీ నొక్కాను, ఈసారి 67 దగ్గర మొదలైంది, కంగారులో ఇంకోసారి నొక్కాను, పూర్తిగా నడిచి 55కి దిగింది, వచ్చినవాళ్ళలో ఒకాయన "ఇది నిజంగా చార్జి అవకుండానే నడుస్తోందా?" అని అడిగాడు, నేను "కాష్ సమస్య సార్" అన్నాను, ఏ కాష్ అని ఆయన అడగలేదు కానీ అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు, చెమటలు కారుతున్నాయి, ల్యాప్‌టాప్ మూసి తెరిచాను, ప్రొజెక్టర్ ఆగిపోయింది, లైట్లు వేశారు, లైట్లలో అందరి మొహాలూ నా వైపే ఉన్నాయి.

మేడమ్ లేచి, "లెక్కలో ఒక చోట అనుమానం ఉంది. సరిచూసి సోమవారం రాసి పంపుతాం" అంది. అంత మెల్లగా అంది. నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బావుండేది.

రెండోసారి ఎందుకు 68 దగ్గర మొదలైందో ఆ రాత్రి పది నిమిషాల్లో తేలింది. ఆ ఫైలు సిమ్యులేషన్ లోపలిది కాదు, బయట మ్యాట్‌ల్యాబ్‌ది. సిమ్యులేషన్ అయిపోయినా ఫైలు మెమరీలోనే ఉంటుంది, దాంతోపాటు పర్సిస్టెంట్ విలువా ఉంటుంది. రెండో రన్‌కి అది ఖాళీగా కనపడదు కాబట్టి 0.8 పెట్టదు. మరి ఇన్నాళ్ళూ నాకెందుకు పట్టుబడలేదు? ఫైలుని మార్చి సేవ్ చేస్తే ఆ విలువ చెరిగిపోతుంది. నేను కోడ్‌లో వేలు పెట్టకుండా వరసగా రెండుసార్లు రన్ చేసిన పాపాన పోలేదు. ప్రతిసారీ ఏదో ఒక లైను గీకుతూనే ఉండేవాణ్ని. ఆ గీకుడే నా తప్పుని కాపాడుతూ వచ్చింది.

ఇంతే అయితే బాగానే ఉండును. మేడమ్ వెళ్ళిపోలేదు. నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. "మొదలు సంగతి సరే. ఆ పన్నెండు నిజమేనా?" అంది. నిజమే మేడమ్ అన్నాను. "అయితే నీ ఫంక్షన్‌ని ఎన్నిసార్లు పిలిచారో లెక్కపెట్టు." లోపల ఒక లెక్క పెట్టి నడిపాను. గంటంటే 3,600 సెకన్లు. పిలుపుకి 10 మిల్లీసెకన్లయితే 3,60,000 పిలుపులు రావాలి. వచ్చినవి 2,27,000 పైచిలుకు. గంట ప్రయాణాన్ని నా పెట్టె 38 నిమిషాలుగా రాసుకుంది. మిగతా 22 నిమిషాలు ఆటో నడిచింది, బ్యాటరీకి మాత్రం తెలీదు. అదీ నా ఎనిమిది శాతం!

"ఇప్పుడు సాల్వర్‌ని ఇంకా కచ్చితంగా లెక్కపెట్టమందాం" అని మేడమ్ టాలరెన్స్, అంటే లెక్కలో ఒప్పుకునే తేడాని, బాగా బిగించింది. నడిపితే గంటలో 31 శాతం ఖర్చయింది. అదే ఆటో, అదే రోడ్డు. సాల్వర్ ఎంత జాగ్రత్తగా లెక్కేస్తే బ్యాటరీ అంత తొందరగా అయిపోతోంది! ఆ అంకె చూశాక నాకు కాళ్ళు చల్లబడ్డాయి.

మేడమ్ ఒక చిత్తుకాగితం మీద గీసి చెప్పింది. మేం వాడుతున్నది ఓడీఈ 45, డోర్మండ్, ప్రిన్స్ అనే ఇద్దరు 1980లో ప్రచురించిన పద్ధతి. అది ఒక అడుగు వెయ్యడానికి ముందు ఆరేడుసార్లు అడిగి చూస్తుంది. ఇక్కడైతే కరెంటెంత, ఇంకాస్త ముందుకెళ్తే ఎంత అని. నాలుగో ఆర్డర్ జవాబు ఒకటి, అయిదో ఆర్డర్ జవాబు ఒకటి తీసి రెండింటినీ పోలుస్తుంది. తేడా హద్దు దాటితే ఆ అడుగు మొత్తం కొట్టేసి, చిన్న అడుగుతో మళ్ళీ అడుగుతుంది. రోడ్డు సాఫీగా ఉంటే పెద్ద అంగలు, బ్రేకు పడితే చిన్నవి. "అది అడిగిన ప్రతిసారీ కాలం గడిచినట్టు కాదు బాబూ. ఊరికే అడుగుతుంది. కాలం సాల్వర్ దగ్గర ఉంటుంది, నీ దగ్గర కాదు. నువ్వు అడిగినదానికి జవాబు చెప్పి ఊరుకోవాలి, గుర్తుపెట్టుకోకూడదు. గుర్తుపెట్టుకునే పని ఇంటిగ్రేటర్‌ది."

అప్పుడు మా నాన్న కళ్ళ ముందుకొచ్చాడు. మిల్లు అరుగు మీదికి దళారులు వచ్చేవాళ్ళు. బస్తా ఎంత, యాభై బస్తాలు తీసుకుంటే ఎంత, వంద తీసుకుంటే ఎంత అని పొద్దుణ్ణించి అడిగేవాళ్ళు. ఆయన ఓపిగ్గా చెప్పేవాడు. చెప్పిన ధర ఒక్కటి కూడా చిట్టాకి ఎక్కేది కాదు. సరుకు కాటా మీదికెక్కి దిగాకే కలం తీసేవాడు. ఒకసారి చిన్నప్పుడు నేను సాయం చేద్దామని బేరం ఆడినవన్నీ చిట్టాలో రాసేస్తే ఆ పేజీ మొత్తం కొట్టేసి, పక్కన తేదీ వేసి సంతకం పెట్టాల్సొచ్చింది ఆయనకి. ముప్ఫై ఏళ్ళ తర్వాత నేను మళ్ళీ అదే పని చేశాను. బేరాలన్నీ ఆవర్జాకెక్కించాను.

ఆ ఇంటిగ్రేటర్ పెట్టెని నేనెంత తేలిగ్గా తీసిపారేశానో తల్చుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. చిన్న పెట్టె, మధ్యలో ఒక గుర్తు. తిరిగే పళ్ళెం మీద గోళం పెట్టి ఇంటిగ్రేట్ చేసే యంత్రాన్ని జేమ్స్ థామ్సన్ కడితే, అలాంటివాటిని ఒకదానికొకటి కలిపి పెద్ద సమీకరణాలు సాధించొచ్చని ఆయన తమ్ముడు లార్డ్ కెల్విన్ 1876లో రాశాడు. కట్టడానికి ఇంకో యాభై ఏళ్ళు పైన పట్టింది. ఎంఐటీలో వానెవర్ బుష్ 1931 నాటికి ఆరు చక్రాల ఇంటిగ్రేటర్లతో గదంత యంత్రం నిలబెట్టాడు. ఒకదాని కడ్డీ ఇంకోదాన్ని తిప్పుతుంది. మన తెర మీద గీతలు ఆ కడ్డీలే. చక్రం ఎంత తిరిగిందన్నదే దాని జ్ఞాపకం. ఇన్ని తరాల బుద్ధి ఉన్న పెట్టె నాకు ఉచితంగా చేతికి వస్తే, పక్కకి నెట్టి ఒక తీసివేత లైను పెట్టుకున్నాను.

రాత్రి పదకొండుకి మేడమ్ చెప్పిన మూడు పెట్టెలూ పెట్టాను. ఏడు నిమిషాలు పట్టింది. 80 నుంచి 61. టాలరెన్స్ బిగించాను, 61. వదులు చేశాను, 61. వరసగా నాలుగుసార్లు నడిపాను, నాలుగుసార్లూ 80 దగ్గరే మొదలైంది. రీజెన్ వల్ల నిజంగా మిగిలింది ఒక్క శాతం.

సోమవారం ఆ మెయిలు నేనే రాస్తానన్నాను. ఎనిమిది కాదు, ఒకటి. తప్పు లెక్క నాది. ఎలా జరిగిందో ఇదీ అని. నాలుగు వాక్యాలకు మూడు గంటలు పట్టింది. రెండు రోజులు జవాబు లేదు. ఆ రెండు రోజులూ అన్నం సయించలేదు. మూడో రోజు ఒక లైను వచ్చింది, సరిచేసిన మోడల్ పంపండి అని.

సొంత కోడ్ పెట్టెకి మాత్రం అన్యాయం చెయ్యను. చిప్‌లోకి వెళ్ళే భాగానికి మళ్ళీ దాన్నే వాడాను, నన్ను నిలదీసిన ఆ మొదటి పెట్టెనే. దానికి 0.01 సెకను శాంపుల్ టైమ్ అని కట్టడి చేస్తే సరిగ్గా 10 మిల్లీసెకన్లకు ఒక్కసారే నడుస్తుంది. అక్కడ పర్సిస్టెంట్ విలువ పెట్టుకోవచ్చు, ప్రతి రన్‌కీ అది కొత్తగా మొదలవుతుంది. అదే తీసివేత లైను అక్కడ సరైన లైను. తప్పు లైనుది కాదు, పెట్టిన చోటుది. ఈసారి ఎర్ర అక్షరాలు వస్తే ఒక్కోటీ కూర్చుని చదివాను. అడిగినదానికల్లా జవాబిచ్చాను.

ఆ రోజుల్లోనే ఒక రాత్రి మియాపూర్ మెట్రో దగ్గర ఎలక్ట్రిక్ ఆటో ఎక్కాను. మా ప్యాకు కాదు, వేరేవాళ్ళది. డ్రైవర్ పక్కన చిన్న తెర, దాని మీద 34. నమ్ముతావా దాన్ని అని అడిగాను. "గిది ముప్పైకొస్తే బండి ఇంటి దిక్కు మలుపుతా సార్. ఇంకొక గిరాకీ ఒస్తే గూడ ఎక్కించుకోను. గది తప్పు జూపిస్తె నడిరోడ్డు మీద నిలబడుతది, నూకుకుంట పోవాలె" అన్నాడు. నా మోడల్ చెప్పిన తప్పు లెక్కే ఆ బండి తెర మీద ఉండి ఉంటే గంట తిరిగాక ఏడు శాతం ఎక్కువ చూపించేది. రెండు గంటలకు పద్నాలుగు. దిగేటప్పుడు చిల్లర తీసుకోకుండా వెళ్ళిపోయాను. ఆయన పిలుస్తున్నా వెనక్కి తిరగలేదు.

ఇంత దెబ్బ తిన్నాక బుద్ధి వచ్చుంటుందని మీరనుకుంటారు. నేనూ అనుకున్నాను. నెల తర్వాత చిప్ చేతికొచ్చింది. నిజమైన ప్యాకుకి కలిపి, 20 ఆంపియర్లు లాగి గంటసేపు పక్కనే కూర్చున్నాను. 80 నుంచి 60 దరిదాపులకి దిగింది. ఆ రాత్రి బండి ఆపి ఉన్నప్పుడు లైట్లు మాత్రం వెలిగితే ఎలా ఉంటుందో చూద్దామని ప్యాకుని మళ్ళీ 80కి నింపి, 1 ఆంపియరు పెట్టి ఇంటికెళ్ళాం. పొద్దున్న వస్తే తెర మీద 80. అర శాతం కాదు, వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

ఈసారి ఎవరూ చెప్పకముందే కాగితం తీశాను. 1 ఆంపియరు చొప్పున 10 మిల్లీసెకన్లకు తీసెయ్యాల్సింది 100 ఆంపియర్ అవర్లలో 3 కోట్ల 60 లక్షలో వంతు. చిప్‌లో మెమరీ మిగులుతుందని చార్జిని సింగిల్ ప్రెసిషన్‌లో పెట్టింది నేనే. 32 బిట్ల ఆ సంఖ్యకి 0.8 దగ్గర ఒక మెట్టుకీ ఇంకో మెట్టుకీ మధ్య దూరం కోటీ 68 లక్షలో వంతు. తీసెయ్యబోయేది ఆ మెట్టులో సగం కూడా లేదు. దాంతో ప్రతిసారీ సర్దుబాటులో మళ్ళీ పాత అంకే వచ్చేది. సెకనుకి వందసార్లు తీసేస్తోంది, వందసార్లూ ఏమీ తియ్యడం లేదు. చిల్లరే కదా అని వదిలేసిన పద్దు.

మేడమ్‌ దగ్గరికి నేనే వెళ్ళి చెప్పాను. ఆ నడక డెమో రోజుకంటే కష్టంగా ఉంది. విని, "నాన్నగారి చిట్టాలో పైసలు ఎక్కడ రాసేవారు?" అంది. రూపాయల పక్కన, వేరే గడిలో. "అయితే నువ్వూ వేరే గడి పెట్టు." మిల్లీఆంపియర్లని పూర్ణాంకాలుగా, 64 బిట్ల ఖాతాలో కూడబెట్టి, చూపించేటప్పుడు మాత్రమే శాతంలోకి మార్చేట్టు రాశాను. రాశాక ఆ అమ్మాయిని పిలిచి కూర్చోబెట్టి లైను లైనూ చదివించాను. రెండు చోట్ల ఆపి అడిగింది. ఒక చోట నిజంగానే తప్పుంది.

రాత్రి పదింటికి ప్యాకు 80 శాతం దగ్గర పెట్టి, 1 ఆంపియరు లోడు తగిలించి, ల్యాబ్ తాళం ఆ అమ్మాయికిచ్చి ఇంటికి వచ్చాను. నిద్రపట్టలేదు. గంటకి ఒక శాతం చొప్పున వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ పడుకున్నాను. పొద్దున్న ఆరింటికి ఫోన్ మోగింది. ల్యాబ్ తెర ఫోటో పంపింది. 72.0.

కింద రాసింది: "అన్నా, మళ్ళీ ఒకసారి రన్ చేద్దామా?"